గురువుగారు బయటే ఉన్నారు!

లా చదవబోయే పిల్లవాడికి పెద్దలిచ్చే సలహా ఒకటుంది. "క్లాసులో నోట్సు రాసుకున్నంత మాత్రాన లాయరువి కావురా అబ్బాయ్. బయట మాస్టార్లతో పరిచయం పెంచుకో. పుస్తకంలో లేనిది వాళ్ల నోట్లోంచి వస్తుంది." ఏ బెంగళూరులోనో ఢిల్లీలోనో చదివేవాడికి ఇది అక్కరకొస్తుందేమో గానీ, మా పలాస, టెక్కలి కుర్రాడికి వేరే చెప్పనక్కర్లేదు. మావాడికి మాస్టారు పరిచయమైతే గియితే బయటే అవ్వాలి. లోపల ఆయనా ఉండడు, వీడూ ఉండడు. బెంచీలుంటాయి, తిరగని ఫ్యానుంటుంది, గోడమీద అంబేడ్కర్ గారి పటం ఉంటుంది. మొత్తం కాలేజీలో నూటికి నూరు శాతం హాజరున్న లాయరు ఆయనొక్కడే.

ఏ కాలేజీ అని మాత్రం అడక్కండి. పేరు చెబితే పరువు నష్టం కేసు పెడతారు. పాత ఐపీసీలో 499 అనేవారు. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 356 అయింది. ఆ సంగతి వాళ్లకింకా తెలిసి ఉండదన్న ధైర్యంతోనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందు మావాడెలా తయారవుతాడో చూడండి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎక్కడ పుట్టినా డిగ్రీ అయ్యేసరికి ఇంట్లో ఒక తగాదా సిద్ధంగా ఉంటుంది. కొబ్బరితోట గట్టు జరిగిందనో, జీడితోట పట్టా పెదనాన్న పేరునే ఉండిపోయిందనో, తిత్లీ తుపానుకి పడిపోయిన చెట్ల పరిహారం పక్కింటాయన ఖాతాలో పడిందనో. 2018 అక్టోబరు 11న ఆ తుపాను ఉద్దానం మీద పడ్డప్పుడు చెట్లు ఒరిగాయి, తగవులు లేచాయి. తండ్రి టెక్కలి కోర్టు మెట్లు ఎక్కీ దిగీ విసిగిపోయి, "మనింట్లోనే ఒక లాయరుంటే ఈ ఫీజులైనా మిగులుతాయి" అనుకుంటాడు. న్యాయవిద్యకు ఇంతకన్నా పవిత్రమైన ప్రేరణ మా వైపు నేనెరగను.

ఎచ్చెర్లలో 2008లో పెట్టిన అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ లా కాలేజీ ఉంది. సరిహద్దు దాటితే బరంపురం ఉంది. అక్కడ సీటు రానివాడికీ, వచ్చినా వెళ్లలేనివాడికీ ఇంకో దారుంది. సీటుతో పాటు "రానక్కర్లేదు" అనే వసతి కూడా కల్పించే కాలేజీల దారి. వాటి మూడేళ్ల కోర్సులో స్కూలు టీచరు చదువుతుంటాడు, కానిస్టేబులు చదువుతుంటాడు, ఎల్ఐసీ ఏజెంటు చదువుతుంటాడు, లేఅవుట్లు వేసే ఆసామీ చదువుతుంటాడు. వీళ్లంతా ఏకకాలంలో తమ తమ ఉద్యోగాల్లోనూ క్లాసులోనూ కనబడగల సమర్థులు. వచ్చేవాడికి ఒక ఫీజు, రానివాడికి మరికాస్త ఎక్కువ. చెప్పని పాఠానికి చెప్పిన పాఠం కంటే ఎక్కువ ధర పలికే బజారు ఇదొక్కటే.

నిబంధనలు లేవా అంటే, భేషుగ్గా ఉన్నాయి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన న్యాయవిద్యా నియమాల ప్రకారం ప్రతి సబ్జెక్టులోనూ 70 శాతం హాజరుండాలి. గట్టి కారణముంటే 65 దాకా సడలిస్తారు. 2024 సెప్టెంబరులో ఇంకో సర్క్యులరు వచ్చింది. బయోమెట్రిక్ పెట్టండి, క్లాసుల్లో కెమెరాలు బిగించండి, విద్యార్థి ఇంకెక్కడైనా ఉద్యోగం చేస్తున్నాడేమో రాయించుకోండి అని. రాయించుకున్నారు. మావాళ్లు రాసిచ్చారు. అబద్ధపు వాంగ్మూలం ఇవ్వడమెలాగో అనుభవపూర్వకంగా నేర్పిన మొదటి క్లాసు అదే. ఇక బయోమెట్రిక్ సంగతంటారా, మన పురాణాల్లో దానికి పూర్వాచారం ఉంది. క్లాసులో అడుగు పెట్టకుండా, మట్టిబొమ్మను చూసి విద్య నేర్చిన ఏకలవ్యుణ్ణి ద్రోణుడు బొటనవేలు అడిగాడు. ఒక్కసారే అడిగాడు పాపం. ఇప్పుడు సెమిస్టరుకి రెండుసార్లు పిలిచి మరీ వేయించుకుంటున్నారు. విద్య మాత్రం బొమ్మ దగ్గర కూడా దొరకడం లేదు.

మరి మాస్టార్లు దొరికేదెక్కడ? తల పండిన సీనియర్లను అడిగి పోగు చేసిన వివరాలు, కొత్తగా చేరేవాళ్ల సౌకర్యార్థం ఇక్కడ ఇస్తున్నాను.

మొదటి చోటు ఇన్‌స్పెక్షన్. తనిఖీ బృందం వస్తోందనగానే కాలేజీకి పెళ్లికళ వస్తుంది. లైబ్రరీకి పుస్తకాలు వస్తాయి, వాటితో పాటు అధ్యాపకులూ వస్తారు. రెండూ సాయంత్రానికి వెనక్కి వెళ్లవలసినవే. వరండాలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి, నల్లకోటు అరువు తెచ్చుకున్న కుర్రాడు ఎదురుపడతారు.

"ఏ ఇయరు బాబూ నువ్వు?"

"సెకండియరు సార్. మీరు?"

"కాన్‌స్టిట్యూషనల్ లా."

"మాకేనా సార్?"

"ఏమో, లోపలికి పిలిస్తే తెలుస్తుంది."

ఇద్దరూ ఒకర్నొకరు జాలిగా చూసుకుంటారు. ఒకరు లేకపోతే ఇంకొకరికి ఆ రోజు భత్యం లేదు. గురుశిష్య సంబంధంలో ఇంత సమానత్వం గురుకులాల్లో కూడా ఉండి ఉండదు.

రెండో చోటు కోర్టు. మాస్టార్లలో చాలామంది ప్రాక్టీసు చేసే వకీళ్లే. దానికీ ఒక రూలుంది. 1979 నాటి నియమాల ప్రకారం ప్రాక్టీసులో ఉన్న న్యాయవాది రోజుకి మూడు గంటలు మించకుండా లా పాఠాలు చెప్పుకోవచ్చు. మావాళ్లకు రూలంటే ఎంత భయభక్తులంటే, మూడు గంటలు దాటుతుందేమోనని మూడు నిమిషాలు కూడా చెప్పరు. కాబట్టి మాస్టారు కావాలంటే కోర్టు దగ్గర టీకొట్టులో వెతుక్కోవాలి. కనబడగానే నమస్కారం పెట్టాలి. "మన స్టూడెంటే" అని ఆయన పక్కవాళ్లకు పరిచయం చేస్తాడు. పేరు అడగడు, ఎందుకంటే తెలుసుకోవలసిన వయసు దాటిపోయింది. టీ డబ్బులు మావాడిస్తాడు. అదీ క్లినికల్ లీగల్ ఎడ్యుకేషన్.

మూడోదీ ముఖ్యమైనదీ వైవా. బార్ కౌన్సిల్ వాళ్లు సిలబస్ రాసినప్పుడు బుద్ధిగానే రాశారు. ఏడాదిలో మూడు మూట్ కోర్టులు వాదించాలి. నిజమైన కోర్టులో ఒక సివిల్ కేసు, ఒక క్రిమినల్ కేసు విచారణ కూర్చుని చూడాలి. లాయరు ఆఫీసులో కక్షిదారుతో మాట్లాడటం గమనించి రాయాలి. ఇదంతా 90 మార్కులకి, వైవా 10 మార్కులకి. లెక్క ప్రకారం చూస్తే మాస్టారూ శిష్యుడూ గది వదిలి బయట తిరగడానికి ఇంతకన్నా రాజమార్గం లేదు. మావాళ్లు దాన్ని జెరాక్స్ షాపుకి మళ్లించారు. ఆ షాపులో రికార్డు దొరుకుతుంది. అందులో రామయ్య కృష్ణయ్యకి ఇచ్చిన చెక్కు బౌన్సై ఏళ్లవుతోంది. అసలూ పెరగలేదు, వడ్డీ కూడా పెరగలేదు. వాది తరఫు వాదన, ప్రతివాది తరఫు వాదన, జడ్జిగారి తీర్పు, మూడూ ఒకే దస్తూరీ. శ్రద్ధగా కాపీ చేసిన ఒక మహానుభావుడు పేజీ చివర్న సీనియరు హాల్‌టికెట్టు నంబరు కూడా ముచ్చటగా దించేశాడని చెప్పుకుంటారు. మాస్టారు దాని పక్కనే ఎర్ర సిరాతో టిక్కు పెట్టి సంతకం చేశారట. చూడకుండా సంతకం పెట్టడమనే నోటరీ విద్యకి అది ప్రాక్టికల్.

మిగిలిన 10 మార్కుల కోసం పలాస కుర్రాడికి దేవుడిచ్చిన వరం ఒకటుంది. జీడిపప్పు. దీని గ్రేడింగు తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. 180, 210, 240, 320 అని నంబర్లుంటాయి. పౌను బరువుకి ఎన్ని గింజలు తూగుతాయన్నది లెక్క. నంబరు తగ్గేకొద్దీ గింజ పెద్దది, ధర ఎక్కువ. ఆఫీసు గుమస్తాకి బద్దలు చాలు. అటెండెన్సు చూసే ఆయనకి 320. ఇంటర్నల్ మార్కులు వేసేవారికి 240. బయటినుంచి వచ్చే ఎగ్జామినరుకి 180, పైన మందస కోవా. సీజన్‌లో అయితే ఉద్దానం పనసపండు, భావనపాడు ఎండుచేపలు అదనం. మార్కుల మెమోలో పడే అంకెకీ పప్పు పొట్లం మీద ఉన్న అంకెకీ విలోమ సంబంధం అని లెక్కల్లో ఫెయిలైనవాడు కూడా చెబుతాడు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఈ రెండు గ్రేడింగుల్లో పప్పుదే నిజాయితీ. 320 ని 180 అని ఏ వ్యాపారీ అమ్మలేడు.

ఆ పప్పు ఒలిచిన చేతుల సంగతి వైవాలో ఎవరూ అడగరు. పలాస, కాశీబుగ్గల్లో జీడి పరిశ్రమల్లో వరసగా కూర్చున్న ఆడవాళ్లు, పిక్కలోంచి వచ్చే నూనె చర్మాన్ని తినేస్తుంటే, కిలోల లెక్కన కూలికి పనిచేస్తుంటారు. కనీస వేతనాల చట్టం 1948 నాటిది. 2019లో పార్లమెంటు చేసిన వేతనాల కోడ్‌లో అది కలిసిపోయింది. కిలో లెక్కన ఇచ్చే కూలి ఆ చట్టం చెప్పే కనీసానికి సరిపోతోందా అన్నది లేబర్ లాలో చక్కని ప్రశ్న. జవాబు అట్టపెట్టెలో ఎగ్జామినరు గారి కారు డిక్కీలోకి ఎక్కుతుంది. ప్రశ్న మాత్రం ఫ్యాక్టరీలోనే కూర్చుని ఉంటుంది.

నాలుగో చోటు మాస్టారి ఇల్లు. అక్కడిదాకా వెళ్లగలిగినవాణ్ణి "సారు మనిషి" అంటారు. గ్యాసు బుక్ చేస్తాడు, కరెంటు బిల్లు కడతాడు, పాప ట్యూషన్ నుంచి వస్తుంటే బండి మీద తెస్తాడు, స్థలం రిజిస్ట్రేషన్ అంటే సాక్షి సంతకం పెడతాడు. మూడేళ్లయ్యేసరికి కాంట్రాక్టు చట్టంలో ప్రతిఫలం అంటే ఏమిటో రాయలేకపోవచ్చు గానీ, ప్రతిఫలం పుచ్చుకోవడమెలాగో మాత్రం వచ్చేస్తుంది.

ఇంతదాకా మగపిల్లల మాట. ఆడపిల్ల విషయంలో ఇదే సలహా ఇంకోలా వినబడుతుంది. "డౌటుంటే ఇంటికి రామ్మా, క్లాసులో కుదరదు" అన్న మాట, రాత్రి పదింటికి "తిన్నావా" అని ఫోన్లో మెరిసే మెసేజు, వైవా ముందురోజు "నువ్వు పెద్దగా మాట్లాడవేం" అన్న నిష్ఠూరం. ఆ పిల్ల వజ్రపుకొత్తూరు నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. చదువు మానిపించడానికి ఇంట్లో ఒక్క మాట చాలని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని ఆయనకీ తెలుసు. లైంగిక వేధింపుల మీద 1997లో సుప్రీం కోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు మన విశాఖపట్నంలో జరిగిన కేసనుకునే పండితులు కాలేజీకొకరైనా ఉంటారు. అది రాజస్థాన్ కేసు, ఆ తర్వాత 2013లో చట్టం వచ్చింది, యూజీసీ 2015 నిబంధనలు వచ్చాయి, ప్రతి కాలేజీలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఉంటుంది. సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద, అద్దం వెనకాల, తాళం వేసి ఉంటాయి. తాళంచెవి ఎవరి దగ్గరుందో మళ్లీ చెప్పాలా?

నవ్వులాటకి చెప్పినా ఇందులో నవ్వకూడని మాట ఒకటుంది. చట్టం పుట్టిందే పరిచయం లేనివాడి కోసం. తహసీల్దారు తెలిసినవాడికి రెవెన్యూ చట్టంతో పనిలేదు. ఎస్సై బావమరిదికి ఎఫ్ఐఆర్ సెక్షన్లతో పనిలేదు. ఎవరూ తెలియని మనిషి, తెలియకపోయినా, తనదాన్ని తాను దక్కించుకోగలగాలి. ఆర్టికల్ 14 అని మొదటి సెమిస్టరులో బట్టీ పట్టిన దాని తాత్పర్యం అంతే. ఆ ముక్క నేర్పవలసిన చోటే మనం పిల్లలకు నేర్పుతున్నదేమిటి? హాజరుకి పరిచయం, మార్కుకి పరిచయం, పట్టాకి పరిచయం. అలా తయారైన లాయరు దగ్గరికి బీల అనే తడినేలలో రెండెకరాలు పోగొట్టుకున్న ముసలాయన వస్తాడు. "ఏ సెక్షన్ బాబూ?" అని అడగడు. "బాబూ, సార్లు నీకు ఎరుకేనా?" అని అడుగుతాడు. మూర్ఖుడై అడగడు. ఈ లాయరు ఏ విద్యలో ప్యాసయ్యాడో వాసన పట్టి అడుగుతాడు.

అసలు మాస్టారిని బయట తెలుసుకోవడమంటే ఏమిటో చూపించినవాడు మా గంజాం వాడే. ఉద్దానం అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేది, వరాహగిరి వెంకట గిరి పుట్టిన బరంపురం కూడా అక్కడిదే. 1913లో లా చదువుకోవడానికి డబ్లిన్ వెళ్లాడు. అక్కడ ఆయనకు ఇంగ్లీషు సాహిత్యం చెప్పిన మాస్టారు థామస్ మక్‌డోనా. క్లాసులో కవిత్వం. బయట, ఐర్లండు స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన ఏడుగురిలో ఒకడు. 1916 మే 3న బ్రిటిష్ సైన్యం ఆ మాస్టారిని కాల్చి చంపింది. శిష్యుణ్ణి అదే ఏడాది ప్రభుత్వం దేశం వదిలి పొమ్మంది. ఆ శిష్యుడు తిరిగొచ్చి బరంపురంలో ప్రాక్టీసు పెట్టాడు, కార్మిక సంఘాలు కట్టాడు, 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకి వెళ్లాడు. 1957లో ఇద్దరు సభ్యుల్ని ఎన్నుకునే పార్వతీపురంలో ఓడి, రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకు ఎలా ఇస్తారని సుప్రీం కోర్టు దాకా వెళ్లి 1959లో అక్కడా ఓడాడు. ఎన్నికల చట్టం చదివేవాళ్లకి పాఠమయ్యాడు. తర్వాత 1969లో రాష్ట్రపతి అయ్యాడు. మా కుర్రాళ్లలో ఎంతమందికి ఈ కథ తెలుసంటారు? ఆ కేసు గైడులో "ఇంపార్టెంట్" అని గుర్తు ఉంటే తెలుస్తుంది.

అంత దూరమెందుకు? 1978లో మథుర అనే గిరిజన బాలిక అత్యాచారం కేసులో సుప్రీం కోర్టు పోలీసుల్ని వదిలేస్తే, 1979లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు లా మాస్టార్లు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దాని సెగకి 1983లో అత్యాచార చట్టమే మారింది. వాళ్ల శిష్యులకు గురువులు ఆ ఉత్తరంలో పరిచయమయ్యారు. మన వైపు హక్కుల కార్యకర్త బాలగోపాల్ కాకతీయ యూనివర్సిటీలో చెప్పింది లెక్కలు. ఆయన్ని తెలుసుకోవాలంటే నిజనిర్ధారణకి వెళ్లిన ఊళ్లలోనే తెలుసుకోవాలి. ఆయన తర్వాత లా చదివి హైకోర్టులో ఎవరి తరఫున నిలబడ్డాడో అందరికీ తెలుసు. లెక్కల మాస్టారికి కనబడిన చట్టం లా మాస్టారికి కనబడకపోవడం మన కాలేజీల ప్రత్యేకత.

కనబడకపోవడానికి ఇక్కడ చట్టం ఏ మూలనో దాక్కుని ఉందా? ఉద్దానం నాలుగు వైపులా సిలబస్సే పరచుకుని ఉంది. మందస జమీందారీలో అడవిలోంచి కట్టె తెచ్చుకునే హక్కు రైతుదా జమీందారుదా అన్న తగువు 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. రైతు మహిళ గున్నమ్మతో సహా ఐదుగురు చనిపోయారు. అంతకు కొద్ది రోజుల ముందే పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. 1908 నాటి ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం, 1948 నాటి జమీందారీ రద్దు చట్టం అని సంవత్సరాలు బట్టీ పడతాడు మావాడు. ఆ రెండు సంవత్సరాలకీ మధ్యలో తన పక్క ఊరి మనిషి పడిపోయి ఉందని అతనికి చెప్పిన మాస్టారు లేడు.

సోంపేట బీల సంగతి చూడండి. వరి పండే, చేపలు దొరికే తడినేలని కాగితాల మీద పనికిరాని భూమి చేసి, 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రానికి పర్యావరణ అనుమతి తెచ్చారు. జనం అడ్డుపడ్డారు. 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపితే ఇద్దరి ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ అనుమతిని కొట్టేసింది. ఒకే తేదీన ఒకే నేల గురించి తుపాకీ ఒక మాట, తీర్పు ఇంకో మాట చెప్పాయి. పర్యావరణ చట్టం, సాక్ష్య చట్టం, పరిపాలనా చట్టం మూడు పేపర్లూ ఆ ఒక్క రోజులో ఉన్నాయి. ఏడు నెలలు తిరిగాయో లేదో, 2011 ఫిబ్రవరి 28న టెక్కలి పక్కన సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో ఇంకో థర్మల్ కేంద్రం, తంపర అనే ఇంకో తడినేల, మళ్లీ కాల్పులు, మళ్లీ ఇద్దరు. ఆ తర్వాత ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి కేసులకు తిరిగారు. ఎన్ని వాయిదాలు, ఏ సెక్షన్లు, బెయిలు షరతులేమిటి అన్నది అక్కడి ఆడవాళ్లు నోటికి చెబుతారు. క్రిమినల్ ప్రొసీజర్‌లో వాళ్లకి వైవా పెడితే ఎగ్జామినరే చెమటలు కక్కుతాడు.

ఇక కిడ్నీల మాట. ఉద్దానంలో ఏ గడపకి వెళ్లినా గోడకి వేలాడే సంచిలో స్కానింగ్ రిపోర్టులుంటాయి. కారణం ఇదీ అని పరిశోధకులింకా తేల్చలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. హిరమండలం నుంచి నీళ్లు తెచ్చే పథకం నడిచింది. అయినా పింఛనుకి క్రియాటినిన్ అంకె రుజువు చేసుకోవాలి, డయాలసిస్‌కి వెళ్లే రోజు కూలి పోగొట్టుకోవాలి, ఇంటాయన పోతే బాకీలవాడికి సమాధానం చెప్పుకోవాలి. ఆర్టికల్ 21లో జీవించే హక్కులో ఆరోగ్యం ఉందా, తాగునీరుందా అని పదిహేను మార్కుల ప్రశ్న వస్తుంది. దాని జవాబు గోడకి వేలాడుతున్న ఆ సంచిలో ఉంది.

మావాళ్లు అటు వెళ్లరా? ఎందుకు వెళ్లరు, వెళతారు. నవంబరు 9 న్యాయసేవల దినం. 1987 నాటి చట్టం పుణ్యమా అని ఊళ్లో న్యాయ విజ్ఞాన సదస్సు పెట్టాలి. ఫ్లెక్సీ వస్తుంది, దాని వెనక మాస్టార్లు వస్తారు. ఫ్లెక్సీలో ముఖాలు ఊళ్లో జనం కంటే ఎక్కువ. వక్త మైకు పుచ్చుకుని హెల్మెట్ పెట్టుకోకపోతే పడే జరిమానాల గురించి అరగంట మాట్లాడతాడు. ఎదురుగా కూర్చున్న వాళ్లలో సగంమంది మర్నాడు డయాలసిస్‌కి ఆటోలో పోవలసినవాళ్లు. ఒక ముసలమ్మ చెయ్యెత్తి, "బాబూ, మా ఆయన పోయి రెండేళ్లయింది, పింఛను మాట చెప్పవా" అంటుంది. "మంచి ప్రశ్న" అని మెచ్చుకుని, ఫొటో తీయించుకుని, బిస్కెట్ ప్యాకెట్టు చేతిలో పెడతారు. సాయంత్రానికి ఆ ఫొటో కాలేజీ గుర్తింపు ఫైల్లో "గ్రామీణ న్యాయసేవ" కింద అంటుకుంటుంది. ముసలమ్మ పింఛను ఎక్కడంటుకుందో ఎవరికీ తెలియదు.

అందరూ ఇలాంటివాళ్లేనా అని కోపగించుకోకండి. జీతం నెలల తరబడి రాకపోయినా పాఠం మానని గెస్టు లెక్చరర్లున్నారు. ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఫిర్యాదు రాయించే మేడమ్‌లున్నారు. వాళ్లకి ప్రమోషన్ ఉండదు, ఎందుకంటే వాళ్లకి పరిచయాలుండవు. అలాగని తప్పంతా గురువులదే అని మావాళ్లు చొక్కా దులుపుకుంటే కుదరదు. "రానక్కర్లేదు" అన్న సరుకు కాలేజీ అమ్మింది సరే, వరసలో నిలబడి కొన్నదెవరు? ఒక మాస్టారు పొరపాటున క్లాసుకొస్తే "ఈ సారు స్ట్రిక్టు" అని ప్రిన్సిపాలుకి మొర పెట్టుకున్నదెవరు? రేపు ఇదే మనిషి నల్లకోటు వేసుకుని కోర్టు పని చేయడం లేదని బాధపడతాడు, ఎల్లుండి ఇదే కాలేజీలో మూడు గంటల మాస్టారవుతాడు. చక్రం తిరుగుతూనే ఉంటుంది, ఫ్యాను మాత్రం తిరగదు.

కాబట్టి గురువుగార్లకి మా వైపు నుంచి ఒక నోటీసు, బాకాయదా. మీతో మాకు టీకొట్టు పరిచయం వద్దు, మీ ఇంటి గ్యాసు నంబరు వద్దు, మా పప్పు మేమే తింటాం. ఇకమీదట మిమ్మల్ని బయట కలవాలంటే మూడే చోట్లు. జీడి ఫ్యాక్టరీలో కూలి లెక్క చూసేందుకు ఒక పూట, బీలలో సర్వే నంబరు చేతబట్టుకుని ఒక పూట, ఉద్దానంలో ఒక గడప ముందు కూర్చుని పింఛను దరఖాస్తు మాతో రాయిస్తూ ఒక పూట. శిష్యుడు తప్పు రాస్తే అక్కడే దిద్దండి, మీకు తెలియకపోతే అక్కడే ఒప్పుకోండి. ఇద్దరం కలిసి తెలుసుకుందాం. 70 శాతం రానక్కర్లేదు, మీకు కేసులుంటాయి. ఏడాదికి మూడు పూటలు చాలు. బొటనవేలు కూడా అడగం. మీరు రాయించిన దరఖాస్తుకి పింఛను మంజూరైతే, హాజరు ఆ ముసలమ్మే వేస్తుంది.